కొత్త మన్ను

ముందే చెప్పేస్తాను, ఇది నేను చేత్తో రాసింది కాదు. ఫోనులో మైకు గుర్తు నొక్కి మాట్లాడితే అక్షరాలు వాటంతట అవే పడతాయని మా అమ్మాయి నేర్పించింది. బాగానే పడతా ఉండాయి కానీ, ‘మందుపాతర’ అని నేను ఎన్నిసార్లు అన్నా అది ‘మందు పాత్ర’ అనే రాస్తుంది. నా కథలో రెండూ ఉండాయి కాబట్టి దిద్దకుండా వదిలేద్దామా అనుకున్నాను. మా అమ్మాయి ఒప్పుకోలేదు. రాత్రి కూర్చుని అన్నీ సరిచేసింది.

పోయినేడాది జూన్, బడులు తెరిచిన వారం. మేముండేది తిరుపతి కొర్లగుంటలో, ఒక ఆటో వస్తే ఇంకో ఆటో వెనక్కి పోవాల్సిన సందు. ఆ సందును ఈ కొస నుంచి ఆ కొసకు తవ్వి, పైపు వేసి, మన్ను పూడ్చి పోయినారు. పైన తారు వేసేది ఇంకో కాంట్రాక్టరంట, ఆయన ఎప్పుడొస్తాడో ఏడుకొండలవాడికే ఎరుక. మా మనవరాలికి నాలుగేళ్లు, అప్పుడే ఎల్‌కేజీలో వేసినాము. దాని భుజాన నీళ్ల బాటిలు, వీపున సంచీ, నా చేతిలో దాని చేయి. పిల్లకాయలకు గట్టి రోడ్డు కంటే మెత్తటి మన్ను ఇష్టం కదా, చెంగుమని ఆ పూడ్చిన మన్ను మీదికి దూకింది.

ఆ తర్వాత నేనేం చేసినానో నాకు తెలియదు. తెలివొచ్చేసరికి నా వీపు ఎదురింటి గోడకు ఆనుకొని ఉంది. పాప నా చంకలో ఉంది. నీళ్ల బాటిలు దొర్లుకుంటా పోయి కాలవలో పడింది. పాప వెంటనే ఏడవలేదు, నా ముఖం చూసింది. ఆ తర్వాత ఏడ్చింది. ఎడమ చేయి వాలేసుకుంది, ఎత్తమంటే ఎత్తదు.

డాక్టరు దగ్గరికి తీసుకుపోతే మోచేతి కీలు జారింది అన్నాడు. ఈ వయసు పిల్లలను చేయి పట్టి గుంజితే ఇట్ల అవుతుందంట. ఒక్క తిప్పు తిప్పినాడు, టక్‌మనింది. అయిదు నిమిషాల్లో అదే చేత్తో చాక్లెట్ అందుకుంది. “ఎవరమ్మా బిడ్డను అంత గట్టిగా లాగింది?” అని మా అమ్మాయిని అడిగినాడు. అది నా వైపు చూడకుండా, “పడిపోతా ఉంటే పట్టుకున్నాం సార్” అనింది.

మరుసటి రోజు నుంచి పాప నా చేయి పట్టుకోవడం మానేసింది. పక్కింటి ఆంటీ చేయి పట్టుకుంటుంది, ఆటో ఆయన చేయి కూడా పట్టుకుంటుంది. నేను చాపితే మాత్రం రెండు చేతులూ వీపు వెనక పెట్టుకుంటుంది.

పడిపోతా ఉంటే పట్టుకున్నామనేది అబద్ధం. ఆ మన్ను కింద మందుపాతర ఉందని నా ఒళ్లు అనుకుంది. నీళ్ల పైపు మీద పూడ్చిన మన్నులో, కొర్లగుంటలో, 2024లో.

నేను సాపర్‌ను, సైన్యంలో ఇంజినీరు దళం సిపాయిని. మద్రాస్ ఇంజినీర్ గ్రూప్, బెంగళూరు అలసూరు చెరువు పక్కన సెంటరు. మమ్మల్ని తంబీలంటారు. తెలుగోడైనా, కన్నడిగుడైనా, మలయాళీ అయినా ఆ సెంటర్లో అందరూ తంబీలే. మాది ఐరాల మండలంలో కాణిపాకానికి దగ్గరి పల్లె. చెరకు, శెనక్కాయలు. శెనక్కాయ కట్టె పీకే నాడు మన్ను గుప్పిట్లో పట్టి పిసికితే మా నాయిన తేమ ఎంతుందో చెప్పేవాడు, పదేళ్లకల్లా నేనూ చెప్పేవాణ్ణి. 1986లో పందొమ్మిదేళ్లకు చేరినాను. చేరినందుకు దేశభక్తి కారణమని చెప్తే మా నాయిన ఆత్మ నవ్వుతుంది. మూడేళ్లు వరసగా వానల్లేవు, అంతే.

1988 మొదట్లో జాఫ్నాకు పంపించినారు. ఇప్పటి పిల్లలకు ఆ యుద్ధం సంగతే తెలియదు కాబట్టి నాలుగు ముక్కలు చెప్పాల. 1987 జులై 29న రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే సంతకాలు పెట్టుకున్న ఒప్పందం ప్రకారం శాంతి కాపాడే దళమని మన సైన్యం శ్రీలంకలో దిగింది. ఆయుధాలు అప్పజెప్తామన్న ఎల్‌టీటీఈ, అదే తమిళ పులులతోనే అక్టోబరుకల్లా కొట్లాట మొదలైంది. 1990 మార్చిలో ఆఖరి బ్యాచ్ ఓడెక్కి వచ్చేసింది. మనవాళ్లు 1,100 మందికి పైగా తిరిగి రాలేదు. మేజర్ రామస్వామి పరమేశ్వరన్‌కు పరమవీరచక్ర వచ్చింది అక్కడే, ఆయన పోయిన తర్వాత. కార్గిల్‌కు జులై 26 అని అందరికీ ఒక తేదీ తెలుసు. మాది ఏ తేదీ అని అడిగితే చానా ఏళ్లు మేమే ముఖాలు చూసుకునేవాళ్లం. కొలంబో దగ్గర మన వాళ్ల పేర్లతో స్మారకం ఉంది, ఢిల్లీలో 2019లో తెరిచిన యుద్ధ స్మారకంలో కూడా పేర్లు చెక్కినారు. అయినా మా ఊళ్లో “నువ్వు శ్రీలంకకు పోయింది ఉద్యోగానికా?” అని అడిగిన వాళ్లుండారు.

సాపర్ పని ఏందంటే అందరికంటే ముందు నడవడం. పొద్దున బండ్లు కదిలే ముందు రోడ్డు తెరవాల. డిటెక్టర్ పట్టుకున్నోడు ఒకడు, ప్రాడర్ పట్టుకున్నోడు ఒకడు. ప్రాడర్ అంటే పెద్ద దబ్బనం లాంటి ఇనప పుల్ల. బోర్లా పడుకొని, దాన్ని నేలకు ముప్పై డిగ్రీల ఏటవాలుగా గుచ్చాల. నిట్టనిలువుగా గుచ్చితే పైమూతకే తగులుతుంది, అంతటితో మన పని సరి. ఏటవాలుగా పోతే పక్క గోడకు తగులుతుంది. రెండంగుళాలకు ఒక పోటు. పోటుపోటుకూ చేతికి ఏం తగిలిందో వినాల. ‘వినాల’ అనే అంటా ఉండాను. వేరు తగిలితే ఒక మాదిరి, రాయి తగిలితే ఒక మాదిరి, చెక్క తగిలితే ఇంకో మాదిరి. ఇనుముంటే డిటెక్టర్ కూస్తుంది. ఎల్‌టీటీఈ వాళ్లు చెక్క పెట్టెల్లో, ప్లాస్టిక్ డబ్బాల్లో పెట్టేవాళ్లు. చెక్కకు డిటెక్టర్ కుయ్ అనదు, కయ్ అనదు. అందుకే కళ్లతో చూడాల. పక్కమన్ను ఎండి ఇక్కడి మన్ను మాత్రం ముదురు రంగులో ఉందా? గడ్డి ఒక్క చోట వాడిందా? చీమలు చుట్టు తిరిగి పోతా ఉండాయా?

జాఫ్నా మన్ను మా ఐరాల మన్నులాగే ఎర్రగా ఉంటుంది. గట్ల మీద తాటిచెట్లు. మా నాయిన నేర్పించిన విద్యనే నేను అక్కడ ప్రాణానికి వాడుకున్నాను.

ఇంకోటి, నాకు అరవం, అదే తమిళం, వచ్చు. మా అమ్మ పుట్టిల్లు గుడియాత్తం పక్క, చిత్తూరు వాళ్లకు అరవం రాకపోతే బెల్లం మండీలో బేరం కూడా సాగదు. మా సెక్షన్లో నన్ను ముందుకు తోసేవాళ్లు, “కాణిపాకం, నువ్వు మాట్లాడు” అని. మేము ఒకర్నొకరు ఊరి పేర్లతోనే పిలుచుకునేవాళ్లం. నేను కాణిపాకం. నా వెనక నడిచేవాడు నెల్లూరు. చెక్‌పోస్టు దగ్గర నిలబెట్టిన మనుషుల్ని మా వాళ్లు హిందీలో అరిస్తే నేను అరవంలో చెప్పాల. వాళ్లు గొణుక్కునే మాటలు మా సెక్షన్లో నా ఒక్కడికే అర్థమయ్యేవి. తిట్లే కాదు, దండాలు కూడా. “మా పిల్లోణ్ణి పట్టకపోయినారు, యాడ పెట్టినారో చెప్పు సామీ” అనేవి కూడా. అదంతా నేను మా హవల్దార్‌కు పూర్తిగా చెప్పలేదు. చెప్పినా ఏం లాభం అనుకున్నాను. అర్థం కాని వాళ్లకు రాత్రిళ్లు నిద్ర పట్టేది, నేను చూసినాను.

ఒక పొద్దున దారి పక్క ఇంట్లో ఒక ముసలామె వాకిలి చిమ్ముతా ఉంది. మా జేజి వయసు. మేం పోతా ఉంటే చీపురు ఆపి, నన్ను చూసి అనింది: “పాత్తు నడ, తంబి.” చూసి నడువు నాయినా అని. అంతే. మళ్లీ చిమ్ముకుంటా లోపలికి పోయింది.

అక్కడికి రెండు వందల గజాలు కూడా లేదు. నేను బోర్లా పడుకొని పొడుచుకుంటా పోయినాను, లేచి ‘క్లియర్’ అన్నాను, నెల్లూరు కాలు పెట్టినాడు. చెక్కపెట్టె. పెద్ద శబ్దం కూడా కాదు, దీపావళికి పిల్లోళ్లు కాల్చే టపాకాయంత. దుమ్ము దిగేసరికి వాడు కూర్చొని తన బూటు కోసం వెతుకుతా ఉండాడు. “నా బూటేదిరా కాణిపాకం?” అన్నాడు.

ఆమె హెచ్చరించిందా, బెదిరించిందా? తెలిసి చెప్పిందా, దారిన పోయే ఏ పిల్లోడికైనా ఏ ముసలామైనా చెప్పే మాటేనా? మర్నాడు ఆ ఇంటికి మా వాళ్లు పోయినారు. ఆమె ఏమనిందో వాళ్లకు నేను చెప్పబట్టే పోయినారు. ఇల్లు ఖాళీగా ఉందన్నారు. నేను అడిగినాను, ఖాళీగానే ఉందా అని. ఖాళీగానే ఉందన్నారు. దీని గురించి ఇంతకు మించి నేను ఈ ఫోనుకు చెప్పలేను.

1990లో తిరిగొచ్చినాక తుపాకీ జమ చేయించుకున్నారు, తూటాలు లెక్కబెట్టుకున్నారు, చిరిగిన దుప్పటికి కూడా సంతకం పెట్టించుకున్నారు. ఆ తర్వాత ఇంకా పదమూడేళ్లు పని చేసినాను, వంతెనలు కట్టినాను, నాయక్ అయినాను. ఏటేటా మెడికల్ ఉండేది. దాన్ని షేప్ అంటారు, అయిదు అక్షరాలు. వినికిడికొకటి, కాళ్లు చేతులకొకటి, ఒంటి దారుఢ్యానికొకటి, చూపుకొకటి. అన్నిటికంటే ముందుండే ‘ఎస్’ మనసుకు. షేప్-1 ఉంటేనే ప్రమోషన్. కాలు విరిగి కేటగిరీ తగ్గితే పండ్లు పట్టుకొని చూడను వస్తారు. ‘ఎస్’ తగ్గితే తుపాకీ ఇయ్యరు, వంటింట్లో ఉల్లిపాయలు తరిగే పనికేస్తారు, వెనక నుంచి తలకాయ పక్క వేలు తిప్పి చూపిస్తారు. “నిద్ర బాగా పడుతుందా?” అని అడిగేవాడు డాక్టరు. “పడుతుంది సార్” అనేవాణ్ణి. నా వెనక లైన్లో ఉన్నోడూ అదే చెప్పేవాడు.

2003 ఆగస్టులో పెన్షన్ మీద ఇంటికొచ్చినాను. అమ్మాయి చదువు కోసం తిరుపతిలో బాడుగిల్లు తీసుకున్నాం. సామాన్లు పూర్తిగా సర్దుకోను కూడా లేదు, అక్టోబరు 1న అలిపిరిలో ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు కాన్వాయ్ మీద నక్సలైట్లు క్లేమోర్ మైన్లు పేల్చినారు. బ్రహ్మోత్సవాలకు పట్టువస్త్రాలు ఇచ్చేదానికి కొండకు పోతా ఉండాడు ఆయన. గాయాలతో బతికినాడు. సందులో అందరం ఒకే టీవీ ముందు నిలబడినాం. అందరూ నుజ్జయిన కారును చూసి, స్వామే కాపాడినాడని దండం పెట్టుకుంటా ఉండారు. నేను కారును చూడలేదు, రోడ్డు అంచును చూస్తా ఉండాను. ఎక్కడ తవ్వింటారు, ఎన్నాళ్ల ముందు తవ్వింటారు, ఆ మన్ను రంగు ఎవరి కంటా పడలేదా? ఆ రాత్రి నాకు జాఫ్నా మొదలైంది. పదమూడేళ్లు ఎక్కడుందో తెలియదు.

ఆ తర్వాత ఘాట్ రోడ్డులో బస్సెక్కలేదు నేను. తిరుపతిలో ఉండి కొండకు పోకపోతే మనిషి కిందే లెక్కలేదు కదా, అందుకని మెట్ల దారిలో పోయేవాణ్ణి. 3,550 మెట్లు. రాతిమెట్టు కింద ఎవడూ తవ్వి పెట్టలేడు. దిగేటప్పుడు కూడా నడిచే దిగేవాణ్ణి. నెలకోసారి, ఒక్కోసారి రెండుసార్లు. ఇరవై ఏళ్లకు మా సందులో నాకు గొప్ప భక్తుడని పేరొచ్చింది. కొందరు కాళ్లకు దండం పెట్టినారు. కాదని చెప్పాలంటే మొత్తం చెప్పాల, అందుకని పెట్టించుకున్నాను.

మందు పాత్ర సంగతి కూడా చెప్పేస్తాను. క్యాంటీన్ కార్డు మీద రమ్ము చవగ్గా వస్తుంది. ఊళ్లో మిలిటరీ మందు అంటే ఎంత మర్యాదో మీకు తెలుసు. సగం సీసాలు చుట్టాలకు, సగం నాకు. తాగితే నిద్ర పట్టేది, తెల్లవారుజామున మూడింటికి అదే నిద్ర పెరుక్కునేది. ఒక రాత్రి నా పక్కలో ఉన్నది మా ఆడమనిషి అని తెలియక మెడ పట్టుకున్నాను. ఆ రోజు నుంచి ఆమె మంచం వేరైంది. నేను నిద్రలో అరిస్తే దగ్గరికి రాదు. కర్రతో మంచం కోడు మీద మూడుసార్లు తట్టి, “లేయబ్బా, ఇది తిరపతి” అంటుంది. పందొమ్మిదేళ్లు అదే మాట.

మా అమ్మ గాలి సోకిందని తాయెత్తు కట్టించింది. ఆమె నాతో అరవంలో మాట్లాడితే నేను తెలుగులో బదులిచ్చేవాణ్ణి. జాఫ్నా నుంచి వచ్చినాక నా నోట్లో అరవం రాలేదు. చిత్తూరు బజార్లో ఎవరైనా అరవంలో పలకరిస్తే తెలియనట్టే నిలబడేవాణ్ణి. “కన్నతల్లి మాట కూడా చేదైందేమిరా నీకు?” అనేది. అలాగే పోయింది 2011లో.

మా ఆడమనిషి నన్ను కాణిపాకం తీసుకుపోయింది, తాగనని ప్రమాణం చేయించను. సొంతూరి దేవుడు, చిన్నప్పటి నుంచి తెలిసిన కథ. గుడ్డి, చెవిటి, మూగ అన్నదమ్ములు ముగ్గురు నీళ్ల కోసం బావిని ఇంకా లోతుకు తవ్వుతా ఉంటే గడ్డపారకు రాయి తగిలి నెత్తురు చిమ్మింది, ఆ నెత్తురు తగిలి ముగ్గురి అవిటితనమూ పోయింది, అదే స్వయంభూ వినాయకుడు. వెయ్యిసార్లు విన్నింటాను. ఆ రోజు క్యూలో నిలబడి ఉంటే పక్కన ఎవరో పిల్లోడికి అదే కథ చెప్తా ఉండారు. ‘మన్నులో ఇనుము దిగింది, నెత్తురు చిమ్మింది’ అనే దగ్గర నా మోకాళ్లు ఆగలేదు. ఆ తవ్వినోడి చేతికి ఏం తెలిసింటుంది ఆ క్షణంలో అనిపించింది. చెమటలు చూసి జనం దారి వదిలినారు, దర్శనం తొందరగా అయింది. ప్రమాణం చేసినాను. రమ్ము తాగను అని చేసినాను. దాంతో బ్రాందీకి మారినాను. వినాయకుడికి తెలియని తెలివా ఇది? తెలిసే ఊరుకున్నాడేమో.

ఇన్నేళ్లలో డాక్టరు దగ్గరికి పోలేదా అంటే పోయినాను. ఒక ఆస్పత్రిలో నిద్రమాత్రలు రాసిచ్చి, “ఎక్స్-సర్వీస్‌మెన్ అయ్యుండి భయమేందండీ?” అన్నారు. ఆ చీటీ చింపేసినాను. 2005 నుంచి ఒక బ్యాంకులో సెక్యూరిటీ గార్డు నేను. వాళ్లు నాకు డబుల్ బ్యారెల్ తుపాకీ ఇచ్చినారు, ఎందుకంటే డిశ్చార్జి కాగితంలో నేను షేప్-1. కాగితం ప్రకారం ఇప్పటికీ నాకు ఏ జబ్బూ లేదు. చేరినప్పుడు లేని జబ్బు సర్వీసులో బయటపడితే అది సర్వీసు వల్లే వచ్చిందని అనుకోవాలని 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మంచి తీర్పే, కానీ “పడుతుంది సార్” అని ఏటేటా నేనే చెప్పుకొస్తినే, ఇప్పుడు ఏ మొహం పెట్టుకొని పెన్షన్ అడిగేది?

పాప చేయి జారిన వారానికి మా అమ్మాయి నన్నేమీ అడగలేదు. వేలూరుకు రెండు టికెట్లు తీసింది. సీఎంసీ వాళ్ల మనసు జబ్బుల ఆస్పత్రి బాగాయంలో ఉంది. చెట్ల కింద బెంచీలు, తొందర లేని మనుషులు. నన్ను చూసిన డాక్టరమ్మ నా కూతురు వయసే ఉంటుంది. అరవంలో మొదలుపెట్టింది. నేను తెలుగులో చెప్పినాను. ఆమెకు తెలుగు అంతంత మాత్రం, మా అమ్మాయి మధ్యలో అనువాదం. ముప్పావు గంట అడిగింది. ఏమేం కలలో వస్తాయి, ఏయే చోట్లకు పోవడం మానేసినారు, వెనక తలుపు చప్పుడైతే ఏమవుతుంది, నవ్వి ఎన్నాళ్లయింది. చివర్లో పీటీఎస్‌డీ అనింది, ఘోరమైనది చూసినాక మనసుకు పట్టే జబ్బు. మెదడులో బాదంపప్పు ఆకారంలో ఒక ముక్క ఉంటుందంట, అమిగ్డలా. ప్రమాదం వస్తే ఆలోచనకంటే ముందు అదే గంట కొడుతుందంట. అక్కడ మీరు బతికింది దాని వల్లే, అది డ్యూటీ దిగలేదు, అంతే అనింది. నేను విన్న డాక్టరు మాటల్లో నాకు అర్థమైన మొదటి మాట అది. డ్యూటీ దిగని సెంట్రీ అంటే ఏందో నాకు తెలుసు, వాణ్ణి తిట్టి లాభం లేదు, రిలీవర్ రావాల.

నైట్ డ్యూటీలో ఫోనులో దీని గురించి చదువుకున్నాను. మొదటి ప్రపంచ యుద్ధంలో దీన్ని షెల్ షాక్ అన్నారంట, 1915లో మైయర్స్ అనే డాక్టరు లాన్సెట్ పత్రికలో రాసినాడు. అదే యుద్ధంలో పారిపోయినారని, పిరికివాళ్లని బ్రిటిష్ వాళ్లు తమ సిపాయిల్నే 306 మందిని తెల్లారుజామున కట్టేసి కాల్చినారు. వాళ్లలో ఎంతమందికి ఈ జబ్బుందో ఎవరు చూడొచ్చినారు? 2006లో వాళ్లందరికీ క్షమాభిక్ష ఇచ్చినారంట, తొంభై ఏళ్లకు. ఈ జబ్బుకు ఇప్పుడున్న పేరు అమెరికా డాక్టర్ల పుస్తకంలోకి ఎక్కింది 1980లో, వియత్నాం నుంచి వచ్చినవాళ్ల వల్ల. అంటే నేను జాఫ్నాలో దిగేసరికి పేరు పుట్టి ఎనిమిదేళ్లు. మా దాకా రాలేదు.

సెర్ట్రలిన్ మాత్ర పొద్దున, ప్రాజోసిన్ అని రాత్రికి. ప్రాజోసిన్ అసలు బీపీ మాత్ర, పీడకలలకు కూడా ఇస్తారు. మంచం మీద నుంచి గబుక్కున లేవొద్దు, తల తిరుగుతుంది అన్నారు. మొదటి వారం గబుక్కున లేచి బీరువాకు గుద్దుకున్నాను. బ్రాందీ మానమన్నారు. ఈసారి ప్రమాణం చేయలేదు, మానినాను. పూర్తిగా అని చెప్పను, దసరాకు తప్పింది. తుపాకీ సంగతి కూడా బ్యాంకు మేనేజరుకు చెప్పేసినాను. ఇప్పుడు లోపల టోకెన్ల దగ్గర కూర్చుంటా ఉండాను. జీతం రెండు వేలు తగ్గింది.

మూడోసారి పోయినప్పుడు మా అమ్మాయికి సెలవు దొరకలేదు. డాక్టరమ్మ, నేను, మధ్యలో ఎవరూ లేరు. ముసలామె అన్న మాట చెప్పాల. దాన్ని తెలుగులో చెప్తే ఆమెకు అర్థం కాదు. చానాసేపు కూర్చున్నాను. ఫ్యాను తిరుగుతా ఉంది. చివరకు అరవంలో చెప్పినాను, ఆమె ఎట్ల అనిందో అట్లే. ఆ మాట వెనకే మిగతాదంతా అరవంలోనే వచ్చింది, గుడియాత్తం యాసలో, మా అమ్మ యాసలో. ముక్కు కారితే తుడుచుకునేదానికి టవల్ కూడా తీసుకుపోలేదు. చొక్కా చేతులకే తుడుచుకున్నాను.

నెల్లూరుకు ఫోన్ చేయమని ఆమే చెప్పింది. వాడికి పూణే ఆర్టిఫిషియల్ లింబ్ సెంటర్లో కాలు పెట్టినారు. ఊళ్లో ఎస్‌టీడీ బూత్ ఇచ్చినారు. ఫోన్ బూత్ నడిపేవాడికి ముప్పై ఏళ్లకు పైగా ఒక్క ఫోన్ చేయలేదు నేను. ప్రతి సంక్రాంతికి కార్డు రాసేవాడు, అన్నీ ట్రంకు పెట్టెలో ఉండాయి. రెజిమెంటు వాట్సాప్ గ్రూపులో నంబరు పట్టుకున్నాను.

“ఒరే కాణిపాకం, బతికే ఉండావా?” అన్నాడు. ఇప్పటికి ఆరు కాళ్లు మార్చినాడంట, కొత్తది తేలిగ్గా ఉందంట, బూత్ పోయి జెరాక్స్ షాపు అయిందంట. అరగంట మాట్లాడి, చివరకు అడిగేసినాను: ఆ రోజు నేను క్లియర్ అన్నాను కదరా.

“నువ్వు యాడన్నావురా? చెయ్యెత్తి ఆగమన్నావు. నాకు ఒంటికి వస్తా ఉండె, ఆగలేక పక్కకు అడుగేసినా.”

వాడు నిజం చెప్పినాడా, నా కోసం అబద్ధమాడినాడా? నా గొంతు ‘క్లియర్’ అనింది నా చెవుల్లో ఇప్పటికీ ఉంది. వాడి కాలు వాడిది, వాడికి తెలియదా? డాక్టరమ్మను అడిగితే, రెండూ పక్కపక్కన పెట్టుకోండి, ఈ రోజే తీర్పు చెప్పాల్సిన పని లేదనింది. పెట్టుకున్నాను. కొన్ని రాత్రులు ఒకటి బరువుగా ఉంటుంది, కొన్ని రాత్రులు ఇంకోటి.

ఆమె ఇంకో పని కూడా పెట్టింది. పూడ్చిన మన్ను మీద నిలబడాల. పారిపోకూడదు. భయానికి పదికి మార్కులేసుకోవాల, సగానికి దిగేదాకా కదలకూడదు. ఈ జూన్‌లో మా సందు మళ్లీ తవ్వినారు, ఈసారి కేబులు కోసం. ఇంత అదృష్టం ఎవరికుంటుంది, గుమ్మం ముందే ఆస్పత్రి. మొదటి రోజు పొద్దున అయిదున్నరకు, ఎవరూ లేవక ముందు నిలబడినాను. తొమ్మిది మార్కులు. కాళ్ల కింద మన్ను కుంగింది, చెప్పు అంచుల మీదికి పొడి ఎక్కింది, చెమట బనియన్లో నుంచి నడుము దాకా కారింది. పాలు వేసే అతను బండి ఆపి, “ఏం సార్, తాళం చెవి పోగొట్టుకున్నారా?” అన్నాడు. అవును అన్నాను. పాపం దిగి అతనూ వెతికినాడు. అతను మన్నును కాలితో అటూ ఇటూ కెలుకుతా ఉంటే నాకు పదకొండు మార్కులు.

ఇప్పుడు నాలుగుకు వచ్చింది. మార్కులు వేసేది మా మనవరాలు. గుమ్మంలో కూర్చుని, “తాతా ఎన్ని?” అని అడిగి పలక మీద రాస్తుంది. ఏడు అంటే తలకిందులుగా రాస్తుంది. నిన్న తానూ వచ్చి పక్కన నిలబడింది, నా చొక్కా అంచు పట్టుకొని. చేయి ఇంకా ఇవ్వలేదు. నేనూ అడగలేదు.

గురువారం వేలూరు పోవాల, ఆరున్నర బస్సు. ఇది చదివిన వాళ్లలో మన మిలిటరీ వాళ్లెవరైనా ఉండి, మూడింటికి లేచి కూర్చుంటా ఉంటే, టెలి మానస్ అని ప్రభుత్వానిది 14416 నంబరు ఉంది, ఏ రాత్రైనా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. వేలూరు దాకా పోవాలంటే నాకు మెసేజ్ పెట్టండి, ఏ బస్సులో కిటికీ పక్క సీటు దొరుకుతుందో చెప్తాను.